అమ్మకం పెరిగింది, డబ్బేదీ?

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసి షాపులకు అమ్ముతాం. ఈ ఏడాది అమ్మకాలు పెరిగాయి, చేతిలో మాత్రం డబ్బు లేదు. ఇంట్లో రోజూ గొడవలే. ఎక్కడ తప్పుతున్నాం?

జవాబు: ఏడాది బిల్లులన్నీ ముందేసుకుని, ఏ షాపు ఎన్నాళ్లకు కట్టిందో పక్కన రాయండి. నూలుకు, కూలికి మీరు రొక్కం ఇస్తూ షాపులకు నెలల తరబడి అరువిస్తుంటే, వాళ్ల వ్యాపారం నడిచేది మీ పెట్టుబడితోనే. ఎక్కువ కొనేవాడే మంచి ఖాతాదారు అనుకోవడం మన దగ్గర పాత అలవాటు. నన్నడిగితే, వేళకు కట్టేవాడే మంచివాడు.

చట్టం మీవైపే ఉంది. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరుకు అందుకున్న 45 రోజుల్లోగా కొన్నవారు చెల్లించాలి; ఒప్పందం లేకుంటే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు 3 రెట్లు, అదీ నెలవారీ చక్రవడ్డీ. అయితే సరుకు పంపేనాటికే మీకు ఉద్యం (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) ఉండాలి. పాత బాకీల మీద దావాలకు పరుగెత్తకండి. కొత్త బిల్లుల మీద ఉద్యం నంబరు, గడువు తేదీ అచ్చువేయించండి. చాలామంది దానికే దారికొస్తారు.

ఇంటి గొడవకు మూలం కూడా గల్లాపెట్టెలోనే ఉన్నట్టుంది. ఇంటి ఖర్చుకు నెలకింతని జీతంలా తీసుకోండి, ఖాతాలు వేరు చేయండి.

వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తు వాడుకోవాలంటే అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. అది తర్వాతి సంగతి, ముందు ఉద్యం పని చూడండి. ఆన్‌లైన్‌లో ఉచితం, దళారికి రూపాయి ఇవ్వక్కర్లేదు.