చర్మానికి ‘ఇ’ విటమిన్: గుళికలోనా, వంటింటిలోనా?

ముఖంపై మచ్చ కనిపించినా, చేతుల చర్మం పొడిబారినా నేడు అనేక గృహాలలో మొదట గుర్తుకు వచ్చేది ‘ఇ’ విటమిన్ గుళిక. దానిని సూదితో పొడిచి, లోపలి నూనెను ముఖానికి పూసుకోవడం ఆడపిల్లలకు అలవాటయింది. వైద్యుని సలహా లేకుండా నెలల తరబడి మింగేవారూ ఉన్నారు. ఈ విటమిన్ చర్మానికి అవసరమనడంలో సందేహం లేదు. అయితే అది చర్మానికి ఏ మార్గాన చేరుతుంది, ఎంత కావాలి, ఎప్పుడు హాని చేస్తుంది అన్న విషయాలు తెలియకుండా వాడడం మంచిది కాదు.

పేరు ఎలా వచ్చింది?

1922లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో హెర్బర్ట్ ఇవాన్స్, కాథరిన్ బిషప్ అనే శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధిస్తూ, సంతానోత్పత్తికి అవసరమైన ఒక పోషక పదార్థాన్ని గుర్తించారు. 1936లో దానిని గోధుమ అంకుర తైలం నుండి వేరుచేసి ‘టోకోఫెరాల్’ అని పేరు పెట్టారు. గ్రీకు భాషలో ‘టోకోస్’ అనగా ప్రసవం. ప్రకృతిలో ఈ విటమిన్‌కు ఎనిమిది రూపాలు ఉన్నాయి. వాటిలో ఆల్ఫా టోకోఫెరాల్‌ను మన కాలేయం ప్రత్యేకంగా ఎంచి రక్తంలోకి పంపుతుంది.

చర్మంలో దీని పని

నూనె సీసా మూత తీసి ఎండలో ఉంచితే కొన్నాళ్ళకు నూనె చెడి, దుర్వాసన వేస్తుంది. గాలి, వెలుతురు సోకి కొవ్వు ఆక్సీకరణం చెందడమే దీనికి కారణం. చర్మ కణాల పొరలలో ఉన్న కొవ్వుకు కూడా ఎండ వల్ల ఇటువంటి మార్పే కలుగుతుంది. దానిని అడ్డుకునే కావలి ‘ఇ’ విటమిన్. ఈ పనిలో అది ఖర్చయిపోతుంది. అలా ఖర్చయినదానిని తిరిగి పనికివచ్చేటట్లు చేసేది ‘సి’ విటమిన్. కనుక ఉసిరి, జామ, నిమ్మ కూడా చర్మానికి మిత్రులే.

మరొక విశేషం గలదు. ముఖ చర్మంలోని తైల గ్రంథులు తమ స్రావంతో పాటు ఈ విటమిన్‌ను చర్మం పైభాగానికి చేరుస్తాయి. అనగా మనం సరిగా భుజిస్తే శరీరమే లోపలి నుండి ఈ లేపనాన్ని పూస్తుంది.

ఎంత కావాలి? ఎందులో ఉంది?

అమెరికా పోషకాహార ప్రమాణాల ప్రకారం పెద్దలకు రోజుకు 15 మిల్లీగ్రాములు చాలును. ఒక పెద్ద చెంచా పొద్దుతిరుగుడు నూనెలో సుమారు 5.6 మిల్లీగ్రాములు, 30 గ్రాముల బాదం పప్పులో సుమారు 7, అంతే వేరుశనగ పప్పులో సుమారు 2.5, 100 గ్రాముల పాలకూరలో సుమారు 2 మిల్లీగ్రాములు ఉంటాయి. కూరలలో, పోపులో వాడే రెండు చెంచాల పొద్దుతిరుగుడు నూనె, గుప్పెడు వేరుశనగ పప్పు, ఒక కట్ట పాలకూరతో ఆ రోజు అవసరం దాదాపు తీరిపోతుంది. ఖరీదైన బాదం కొనలేని వారు చింతించనవసరం లేదు. ఇందుకోసం నూనె వాడకం పెంచనక్కరలేదు. పదేపదే మరిగించిన నూనెలో ఈ విటమిన్ నశిస్తుంది. నూనెను పొయ్యికి దూరంగా, వెలుతురు సోకని పాత్రలో మూతపెట్టి ఉంచాలి.

గుళిక నూనె ముఖానికి రాయవచ్చా?

గుళికలలో సాధారణంగా ఉండేది టోకోఫెరిల్ ఎసిటేట్. ఇది శరీరంలో మార్పు చెందిన తరువాతనే పని చేస్తుంది. చర్మంపై ఆ మార్పు మందకొడిగా జరుగుతుంది. 1999లో అమెరికాలోని మయామి విశ్వవిద్యాలయ వైద్యులు శస్త్రచికిత్స మచ్చలపై ఈ విటమిన్‌ను రాయించి పరిశీలించారు. పాల్గొన్నవారు కేవలం 15 మంది. అయినప్పటికీ 90 శాతం సందర్భాలలో మేలు కలగకపోవడమో, మచ్చ రూపం మరింత చెడడమో జరిగింది. మూడింట ఒక వంతు మందికి చర్మం ఎర్రబడి దురద పుట్టింది. మచ్చ పోవాలని రాసినదే కొత్త మచ్చకు కారణం కావచ్చునన్నమాట. మొటిమలు ఉన్న జిడ్డు ముఖానికి ఈ చిక్కటి నూనె అసలే తగదు. వంట చేస్తుండగా చేయి కాలితే ఏ నూనె కూడా రాయక, 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచాలి.

అభ్యంగనం

ఆయుర్వేదం చర్మరక్షణకు చెప్పిన మార్గం అభ్యంగనం. వాగ్భటుడు అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయంలో దీనిని నిత్యం చేయమని, తల, చెవులు, పాదాలకు విశేషంగా చేయమని చెప్పాడు. తైలాలలో నువ్వుల నూనె శ్రేష్ఠమని చరకుని మతం. నువ్వుల నూనెలో ఆల్ఫా టోకోఫెరాల్ స్వల్పమే. మర్దన వల్ల కలిగే మృదుత్వం ప్రధానంగా నూనె తేమను నిలపడం వల్ల వస్తుంది. కనుక ఆ మేలునంతా ‘ఇ’ విటమిన్‌కే ఆపాదించరాదు.

విధానం సులభం. గోరువెచ్చని నువ్వుల నూనెను ఒంటికి పట్టించి మృదువుగా మర్దన చేసి, అరగంట తరువాత సున్నిపిండితో నలుగు పెట్టుకుని గోరువెచ్చని నీటితో స్నానం చేయాలి. తీరిక లేనివారు వారానికి రెండుసార్లు చేసుకోవచ్చు. మొదటిసారి ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి. కఫ వ్యాధులు, అజీర్ణం ఉన్నప్పుడు, వమన విరేచనాది శోధన చికిత్సలు జరిగిన వెంటనే అభ్యంగనం నిషిద్ధం.

ముఖ్యమైన హెచ్చరికలు

1. అంగడిలో దొరికే 400 మిల్లీగ్రాముల గుళిక దినావసరానికి పది రెట్లకు పైబడిన మోతాదు. దానిని మందుగానే ఎంచాలి.

2. వార్ఫరిన్ వంటి, రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు వాడేవారు వైద్యుని అడగకుండా ఈ గుళికలు మింగరాదు. రక్తస్రావ ప్రమాదం గలదు. ఇంటిలోని పెద్దవారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

3. సుమారు 35,000 మంది పురుషులపై జరిగిన ఒక పరిశోధన ఫలితాలు 2011లో వెలువడ్డాయి. రోజుకు 400 యూనిట్లు తీసుకున్న వారిలో ప్రొస్టేట్ కాన్సరు 17 శాతం అధికంగా కనిపించింది.

4. ఏ నూనె కూడా గొడుగుకు ప్రత్యామ్నాయం కాదు. మధ్యాహ్నపు ఎండను తప్పించుకోవడమే ఉత్తమ రక్షణ.

5. ఎంత నూనె రాసినా చర్మం పొడిగానే ఉంటే థైరాయిడ్ లోపమో, మధుమేహమో ఉన్నదేమో పరీక్ష చేయించుకోవాలి.

మీ కుమార్తె గుళిక కోసం చేయి చాచినప్పుడు ముందుగా ఆమె పళ్ళెం వైపు చూడండి. ఆకుకూర, పప్పు గింజలు, ఒక జామకాయ అందులో ఉంటే ఆమె చర్మానికి కావలసినది చాలావరకు అందుతున్నట్లే.