ఎంఎస్‌లో నడక మార్పులు: మీ ఫోన్ ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు?

ఫోన్ రివ్యూల్లో కెమెరా, బ్యాటరీ, ప్రాసెసర్ గురించి పేజీలు రాస్తాం. జేబులోని అదే ఫోన్ మన నడకను కూడా కొలుస్తోందని పెద్దగా పట్టించుకోం. మల్టిపుల్ స్క్లీరోసిస్, అంటే ఎంఎస్ ఉన్నవాళ్లకు ఈ డేటా నిజంగా పనికొస్తుంది. తప్పుగా చదివితే మాత్రం ఊరికే భయపెడుతుంది. ఎలా చదవాలో చూద్దాం.

నడక ఎందుకు మారుతుంది?

కరెంటు వైరు మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే, నరాల చుట్టూ మైలిన్ అనే పొర ఉంటుంది. ఎంఎస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని ఆ పొరను దెబ్బతీస్తుంది. సిగ్నల్ నెమ్మదిస్తుంది, ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. దాంతో కాళ్లు బిగుసుకుపోతాయి, పాదం సరిగ్గా లేవక వేళ్లు నేలకు రాసుకుంటాయి, బ్యాలెన్స్ తప్పుతుంది. ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. అంటే ఈ సైట్ చదివే వయసే.

డాక్టర్ల కొలత ఏంటి?

ఎక్కువగా వాడేది ఈడీఎస్ఎస్ స్కేల్. 1983లో జాన్ కర్ట్‌జ్కే ప్రచురించారు. 0 నుంచి 10 వరకు ఉంటుంది. 4 దగ్గర సాయం లేకుండా సుమారు 500 మీటర్లు నడవగలరు. 6 దగ్గరకొచ్చేసరికి 100 మీటర్లకు ఒక చేతికర్ర కావాలి.

ఇంకోటి 25 అడుగుల నడక పరీక్ష. 7.62 మీటర్లను జాగ్రత్తగా, వీలైనంత వేగంగా నడవాలి. టైమ్ 20 శాతం పెరిగితే దాన్ని పట్టించుకోవాల్సిన మార్పుగా చూస్తారు. ఉదాహరణకు 6 సెకన్లు కాస్తా 7.2 అయితే. చిక్కేంటంటే, ఇవన్నీ నెలలకోసారి క్లినిక్‌లో తీసే ఫోటోల్లాంటివి. మధ్యలో ఏం జరిగిందో వాటిలో కనబడదు.

ఫోన్ ఏం కొలుస్తుంది?

2020లో ఐఓఎస్ 14తో యాపిల్ హెల్త్ యాప్‌లో నడక కొలతలు వచ్చాయి. నేను ముఖ్యంగా చూసేవి నాలుగు: నడక వేగం, అడుగు పొడవు, రెండు పాదాలూ నేల మీద ఉండే సమయం, రెండు కాళ్ల మధ్య తేడా. మూడోది మామూలు నడకలో 20 నుంచి 40 శాతం మధ్య ఉంటుంది. బ్యాలెన్స్ తగ్గితే పెరుగుతుంది.

ఫోన్ నడుము దగ్గర, ప్యాంటు జేబులాంటి చోట ఉండాలి. సమతలం మీద నడవాలి. యాప్‌లో ఎత్తు సరిగ్గా ఇవ్వాలి. ఆండ్రాయిడ్‌లో చాలావరకు అడుగుల లెక్కతోనే సరిపెట్టుకోవాలి. అదీ తక్కువేం కాదు. 2019లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఎంఎస్ ఉన్న 95 మంది ఏడాది పాటు ఫిట్‌బిట్ ఫ్లెక్స్ పెట్టుకున్నారు. రోజువారీ అడుగులు తగ్గినవాళ్లలో క్లినిక్ పరీక్షలు కూడా దిగజారాయి. కాకపోతే మరీ నెమ్మదిగా, కర్ర పట్టుకుని నడిచేవాళ్ల అడుగులను బ్యాండ్లు తక్కువగా లెక్కపెడతాయి.

అసలు కిటుకు ఇక్కడే

వేడికి ఎంఎస్ లక్షణాలు తాత్కాలికంగా పెరుగుతాయి. దీన్ని ఊథాఫ్ ఎఫెక్ట్ అంటారు. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మధ్యాహ్నం నడిచి, వేగం పడిపోయిందని కంగారు పడితే ఎలా? ఒళ్లు చల్లబడ్డాక నడక మళ్లీ కుదురుకుంటే అది జబ్బు ముదరడం కాదు. జ్వరం వచ్చినా ఇంతే.

క్లినికల్ ట్రయల్స్‌లో కూడా స్కోరు పెరిగి, 3 లేదా 6 నెలల పాటు అలాగే నిలిస్తేనే వైకల్యం పెరిగినట్టు లెక్క. మీరూ అదే రూల్ పాటించండి:

- రోజు గ్రాఫ్ వదిలేయండి, 6 నెలల గ్రాఫ్ చూడండి.
- పక్కవాళ్లతో కాదు, మీ పాత నంబర్లతోనే పోల్చుకోండి.
- ఎండ, జ్వరం, నిద్రలేమి ఉన్న రోజులను నోట్ చేసుకోండి.
- కొత్త బలహీనతో తిమ్మిరో 24 గంటలు దాటితే గ్రాఫ్ కోసం ఆగకండి, న్యూరాలజిస్ట్‌కు ఫోన్ చేయండి.

ఒక్క మాట: ఈ నంబర్లు ఎంఎస్ ఉందో లేదో చెప్పవు. నడక నెమ్మదించడానికి మోకాలి నొప్పి కూడా చాలు. కానీ ఎంఎస్ ఉన్న మీ ఫ్రెండో, అక్కో డాక్టర్ దగ్గరికెళ్లి "ఈమధ్య నడక కష్టంగా ఉంది" అన్నప్పుడు, పక్కన ఆరు నెలల గ్రాఫ్ ఉంటే ఆ మాటకు బలం వస్తుంది. ఈ వారమే వాళ్ల ఫోన్ తీసుకుని, ఎత్తు ఎంటర్ చేసి, మొబిలిటీ పేజీ తెరిచి చూపించండి.