ధర కాదు, లావాదేవీ చదవండి: ఆన్‌చెయిన్ డేటాలో కెరీర్

క్రిప్టో అనగానే చాలామంది విద్యార్థుల చూపు ధర మీదే నిలుస్తుంది. ఉద్యోగం మాత్రం ఆ ధర వెనకున్న లావాదేవీలను చదవగలిగేవారికి దొరుకుతుంది. 2009 జనవరి 3న పుట్టిన తొలి బ్లాకు నుంచి నేటి వరకు బిట్‌కాయిన్ గొలుసు (బ్లాక్‌చెయిన్)లో జరిగిన ప్రతి లావాదేవీ బహిరంగంగా నమోదై ఉంది. ఏ చిరునామా నుంచి ఎక్కడికి ఎంత వెళ్లిందో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ఇదే ఆన్‌చెయిన్ డేటా. చూడటం తేలికే, దానికి సరైన అర్థం చెప్పడంలోనే నైపుణ్యమంతా ఉంది.

ఏం గమనించాలి?

ఎక్స్ఛేంజీల వాలెట్లలోకి కాయిన్లు వెల్లువలా వస్తుంటే అమ్మకాలు పెరగొచ్చని భావిస్తారు. ఎంవీఆర్‌వీ నిష్పత్తి ఇంకో ముఖ్య సూచిక. ప్రతి కాయిన్‌కూ అది చివరిసారి కదిలినప్పటి ధర కట్టి, వచ్చిన మొత్తంతో నేటి మార్కెట్ విలువను భాగిస్తారు. నిష్పత్తి 1 కంటే తగ్గితే మదుపరులు సగటున నష్టంలో ఉన్నారని అర్థం.

కాయిన్ల కదలిక లాంటి సూచికను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో చూడండి. 2014లో దివాలా తీసిన జపాన్ ఎక్స్ఛేంజీ మౌంట్ గాక్స్ వాలెట్ల నుంచి 2024 మే 28న సుమారు 1,40,000 బిట్‌కాయిన్లు కదిలాయి. అమ్మేస్తారన్న భయంతో ధర తగ్గింది. నిజానికి అది బాకీలు తీర్చే ముందు వాలెట్లను సర్దుకోవడం. రుణదాతలకు చెల్లింపులు జులైలోగానీ మొదలవలేదు. ‘కాయిన్లు కదిలాయి, అమ్మినట్టు ఆధారం లేదు’ అని ఆ రోజే రాయగలిగినవాడే అనలిస్టు.

ఎక్స్ఛేంజీ లోపల జరిగే కొనుగోళ్లు, అమ్మకాలు చాలావరకు గొలుసు మీద కనిపించవు. ఒకే మనిషికి వందల చిరునామాలు ఉండొచ్చు. ఈ పరిమితులు తెలియకుండా అంచనాలకు పోవద్దు.

ఏం నేర్చుకోవాలి?

ముందు ఎస్‌క్యూఎల్. డ్యూన్ వేదికలో ఉచితంగానే క్వెరీలు రాసి సాధన చేయొచ్చు. ఈథీరియం గొలుసు లావాదేవీలను చూపే ఈథర్‌స్కాన్‌లో రోజుకో లావాదేవీ తెరిచి పంపినవారు, అందుకున్నవారు, ఫీజు, టోకెన్ల బదిలీ చదవండి. ఆ తర్వాత పైథాన్, స్టాటిస్టిక్స్. బీటెక్ వారే కానక్కర్లేదు. జమాఖర్చుల లెక్క తెలిసిన బీకాం, సీఏ విద్యార్థులకూ ఇది బాగా నప్పుతుంది.

కొలువులెక్కడ?

మన దేశంలో 2023 మార్చిలో క్రిప్టో వ్యాపారాన్ని మనీలాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. ఎక్స్ఛేంజీలు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌లో నమోదై, అనుమానాస్పద లావాదేవీలను తెలపాలి. అందుకే వాటి కంప్లయన్స్, రిస్క్ విభాగాలకు ఈ నైపుణ్యం కావాలి. చెయినాలిసిస్, ఎలిప్టిక్ లాంటి సంస్థల పనే లావాదేవీల జాడ తీయడం. ఆ జాడ ఎంత ఉపయోగమో చూడండి: 2016లో బిట్‌ఫినెక్స్ ఎక్స్ఛేంజీ నుంచి 1,19,754 బిట్‌కాయిన్లు చోరీ అయ్యాయి. లావాదేవీల జాడ పట్టుకుని వెళ్లిన అమెరికా అధికారులు 2022లో 94,000కు పైగా స్వాధీనం చేసుకున్నారు.

ఇవి మరవొద్దు

నేర్చుకోవడానికి ఒక్క కాయిన్ కూడా కొననక్కర్లేదు. కొంటే లాభంపై 30 శాతం పన్ను ఉంటుంది, ఒకదాని నష్టాన్ని మరోదాని లాభంలో చూపి తగ్గించుకునే వీలు లేదు. ‘గ్యారంటీ లాభం’ అంటూ కోర్సులు అమ్మేవారికి ఫీజు కట్టకండి. పాత సంఘటన ఒకటి ఎంచుకుని సొంతంగా క్వెరీ రాయండి. డేటా ఏం చెబుతోందో, ఏం చెప్పలేదో రెండు పేజీల్లో వివరించండి. అలాంటి విశ్లేషణలు నాలుగైదు చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో మీ పనే మీ తరఫున మాట్లాడుతుంది.