కణములోనే జన్యువును వెదకు విధానము

తార్నాకనుండి ఉప్పలునకు బోవు మార్గమున హబ్సిగూడయొద్ద కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రము గలదు. దానిని జనులు సి.సి.ఎం.బి. యందురు. డి.ఎన్.ఏ. వ్రేలిముద్రలకును వ్యాధినిర్ధారణమునకును నెలకొల్పబడిన సి.డి.ఎఫ్.డి. యను సంస్థ పూర్వము కొంతకాలము నాచారమున నుండెను. నేడు ఉప్పలున నున్నది. ఈ ప్రాంతపు విద్యార్థులు ఈ భవనముల ముందునుండి నిత్యము వచ్చుచు బోవుచుందురు. కాని లోపల శాస్త్రజ్ఞులు చేయు పని యెట్టిదో యెఱిగినవారు కొందఱే. కావున అట్టివారి పనిముట్లలో నొకదానిని ఇచట వివరింపదలచితిమి. దాని పేరు ఇన్ సిటూ హైబ్రిడైజేషన్. ఇన్ సిటూ యను లాటిను మాటకు 'ఉన్నచోటనే' యని యర్థము.

ఉన్నచోటనే చూచుట యేల?

మన దేహకణములలో చాలవాటియందు కేంద్రకమును, అందు 46 క్రోమోజోములును గలవు. వీనిలో డి.ఎన్.ఏ. యను మిక్కిలి సన్నని పోగులు చుట్టుకొని యుండును. మన జన్యువులు ఈ పోగులలోని ఖండములే. కణములను చితుకగొట్టి డి.ఎన్.ఏ.ను వెలికిదీసి పరీక్షించినచో ఫలానా జన్యువు గలదని తెలియును గాని, అది యే కణమున, ఏ క్రోమోజోముపై నుండెనో తెలియదు. పచ్చడి నూరిన పిదప అందు చింతకాయ గలదని నాలుక చెప్పును. ఆ కాయ యే కొమ్మకు గాచినదో చెప్పజాలదు. కొమ్మను జూడవలెనన్న చెట్టును చెట్టుగానే యుంచవలెను.

పద్ధతి యెట్టిది?

డి.ఎన్.ఏ. జంటపోగు. అందు నాలుగు రసాయనాక్షరములు గలవు: ఏ, టి, జి, సి. ఒక పోగున ఏ యున్నచోట ఎదుటి పోగున టి యుండును. జి యున్నచోట సి యుండును. వేడిచేసినచో పోగులు విడిపోవును. చల్లార్చినచో సరియైన జతను వెదకికొని మరల కలియును. పద్ధతి యంతయు ఈ గుణముపైననే ఆధారపడినది.

మొదట కణములను గాజుపలకపై నిలిపి, వాని రూపము చెడకుండ రసాయనములతో స్థిరపఱచెదరు. పిదప సుమారు 72 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో జంటపోగులను విడదీసెదరు. తాము వెదకు జన్యువునకు సరిజతయైన చిన్న డి.ఎన్.ఏ. ముక్కకు రంగు తగిలించి ఆ పలకపై వేయుదురు. దీనినే ప్రోబు అందురు. ఒక రాత్రి 37 డిగ్రీలలో నుంచినచో ప్రోబు తన జతను పట్టుకొనును. మఱునాడు పలకను కడుగగా జత దొరకని ముక్కలు కొట్టుకొనిపోవును. మిగిలినవి సూక్ష్మదర్శినిలో చుక్కలవలె మెఱయును. చుక్క యున్నచోటనే జన్యువున్నది.

ఎడింబరోనుండి హబ్సిగూడకు

ఈ పద్ధతి 1969లో రెండుచోట్ల వెలువడెను. అమెరికాలో జోసెఫ్ గాల్, మేరీ లూ పార్డ్యూ అనువారు కప్ప అండకణములందును, స్కాట్లండులోని ఎడింబరోలో జాన్, బర్న్‌స్టీల్, జోన్స్ అనువారును దీనిని సాధించిరి. అప్పుడు రంగులు లేవు. ప్రోబునకు రేడియోధార్మిక పదార్థమును చేర్చి, ఫొటో తీయు పూత నద్ది, నల్లని రేణువులు కనబడుటకై దినములకొలది వేచియుండెడివారు. వెలుగు రంగులు 1980 తరువాత ప్రచారమునకు వచ్చెను. ఆ రంగుల పద్ధతినే ఫిష్ అందురు.

లాల్జీ సింగ్ గారు 1974లో ఎడింబరో చేరి పైన జెప్పిన జోన్స్‌తో పనిచేసిరి. వారు కట్లపాము జాతి సర్పమునుండి ఒక డి.ఎన్.ఏ. ఖండమును దీసిరి. అందు జి, ఏ, టి, ఏ యను నాలుగక్షరములు మరల మరల వచ్చుచుండును. ఆడపామునందలి డబ్ల్యు క్రోమోజోముపై ఇది మెండుగా గనబడెను. 1982లో ఈ ప్రోబునే వింతయైన చుంచెలుకలపై బ్రయోగించిరి. అవి రెండు ఎక్స్ క్రోమోజోములు గలిగియు మగవియై పుట్టినవి. ప్రోబు ఒక ఎక్స్ కొనయందు నిలిచెను. మగతనమును గలిగించు వై క్రోమోజోము తునక యొకటి అచ్చటికి చేరినదని తెలిసెను. కణములను నూరియున్నచో ఈ రహస్యము దొరకెడిది కాదు, స్థానమే సమాధానమైనది. లాల్జీ సింగ్ గారు 1987లో సి.సి.ఎం.బి.లో చేరి, మఱుసటి యేడు ఆ పాము ఖండముతోనే డి.ఎన్.ఏ. వ్రేలిముద్రల పద్ధతిని రూపొందించిరి. సి.డి.ఎఫ్.డి. స్థాపనమునను వారి కృషి గలదు. వారు 2017లో గతించిరి.

ఇంటికి సంబంధించిన మాట

ఒక బిడ్డ గుండెలోపముతోను, అంగుడిచీలికతోను పుట్టినదనుకొందము. తల్లి గ్రహణవేళ కదలినదని యింటివారు నిందింతురు. అట్టి బిడ్డలలో కొందఱికి 22వ క్రోమోజోమునందు ఒక చిన్నముక్క లోపించియుండును. సాధారణ పరీక్షలో ఆ లోపము తఱచు కనబడదు. ఫిష్ చేసినచో రెండు చుక్కలుండవలసినచోట ఒకటియే యుండును. ప్రోబు సరిగా అంటలేదేమో యను సందేహము తీర్చుటకు అదే క్రోమోజోముపై మఱియొక స్థానమును వేఱు రంగుతో గుర్తింతురు. ఆ రంగు రెండుచోట్ల వెలిగినచో లోపము నిజము. చాలమందిలో ఇది క్రొత్తగా గలిగినదే గాని తల్లిదండ్రులనుండి వచ్చినది కాదు. ఒకవేళ వారిలో నొకరికి ఆ లోపమున్నచో తరువాతి బిడ్డకు వచ్చుటకు సగము సంభావ్యత గలదు. కావున వారినిగూడ పరీక్షింతురు. గ్రహణమునకు దీనితో సంబంధము లేదు. ఆ తల్లి మోయుచున్న నిందను తీసివేయుటకు ఆ చుక్కల సాక్ష్యము చాలును.

అయినను ఈ పద్ధతికి హద్దులు గలవు. ప్రోబు తన్నడిగిన చోటునుగూర్చియే చెప్పును. అడుగని దానినిగూర్చి మౌనము వహించును. కావున ఒక ఫిష్ పరీక్ష బాగున్నంతమాత్రమున జన్యువులన్నియు బాగున్నవని తలపరాదు. మఱియు ఎక్స్, వై క్రోమోజోములను జూపు ఈ కన్నే గర్భస్థశిశువు ఆడయో మగయో చెప్పగలదు. లింగమును ఎంచుకొనుటకై అట్లు చూచుటను, చూచి వెల్లడించుటను మన దేశమున 1994 నాటి చట్టము నిషేధించినది. ఆడబిడ్డను తొలగించుటకై చూచు కన్ను కన్నుగాదు.

విద్యార్థులారా, ఏది యున్నదని యడుగుటతో విజ్ఞానము ముగియదు. ఎచ్చట నున్నది, ఏల నున్నది యని యడుగుట నేర్చుకొనుడు. అట్టి ప్రశ్నలకు మీ బడిత్రోవనే పరిశోధనాలయములు గలవని మఱువకుడు.