నీలిరంగు కొలత

కడప మండలమున నొకప్పుడు నీలిమొక్క విరివిగా పండెడిది. రంగుతొట్టెలోని నీలిమ చాలునో చాలదో అద్దకపువాడు కంటితోనే పోల్చుకొనెడివాడు. ఇట్టి చూపునకు ఖచ్చితమైన లెక్కను కట్టిన తెలుగువారు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

1895లో భీమవరమున జన్మించిన వీరు, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేతో కూడి, రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. రక్తములోని మాంసకృత్తులను తొలగించి, మిగిలిన తేటకు మాలిబ్డేటును, మరియొక రసాయనమును చేర్చిన నీలివర్ణము పుట్టును. భాస్వర మెంత యధికమో నీలిమ యంత చిక్కన. పాళ్లు తెలిసిన ద్రావణము నొకప్రక్క, పరీక్షింపవలసిన దానిని వేరొకప్రక్క నుంచి, రెంటి గుండ వచ్చు వెలుగును కలరిమీటరులో పోల్తురు. అంతియే! వినుటకు స్వల్పముగ తోచును. కాని కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమున్నదని 1927లో వారికి తెలిపినది ఈ నీలిరంగే.

స్ప్రూ అను జబ్బు సుబ్బారావుగారి సోదరుని బలిగొన్నది. ఆ దుఃఖము వారిని విడువలేదనవచ్చును. లెడర్లీ ప్రయోగశాలలో వారి బృందము 1945లో ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ రోగుల పాండురోగమును తగ్గించెను. ఫోలికామ్లపు పనిని అడ్డగించు అమినోప్టెరిను కూడ అచ్చటనే సిద్ధమయ్యెను. రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు దానితో కొంతకాలము ఉపశమనము కలిగినట్లు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948 జూనులో ప్రకటించిరి. ఆగస్టులో సుబ్బారావుగారు మరణించిరి. ఆ మందుకు దగ్గరి బంధువైన మెథొట్రెక్సేటును వైద్యులు నేటికిని వాడుచున్నారు.