స్కానర్ స్క్రీన్ వంక చూడదు

కిరాణా కొట్లకూ మందుల షాపులకూ మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో బిల్లింగ్ రాసిచ్చే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "సార్, స్కానర్‌ని డేటాబేస్‌కి కలపడం ఎలా?" కలపనక్కర్లేదు. మిగతా తిప్పలన్నీ అక్కణ్నుంచే మొదలవుతాయి.

1. యూఎస్‌బీ స్కానర్ మామూలుగా కంప్యూటర్‌కి ఇంకో కీబోర్డు లాగానే కనిపిస్తుంది. గీతలు చదివి, అంకెలు గబగబా టైపు చేసి, చివర ఎంటర్ కొడుతుంది. నోట్‌ప్యాడ్ తెరిచి ఓ సబ్బు స్కాన్ చేస్తే సంగతి తెలిసిపోతుంది. ఆ సమయానికి విండోస్‌లో తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉంటే, కోడ్‌లోని ఏబీసీలు కాస్తా తెలుగు అక్షరాలైపోతాయి.

2. బార్‌కోడ్‌ను టెక్స్ట్ ఫీల్డులోనే ఉంచండి. లాంగ్ ఇంటిజర్ 2,14,74,83,647 దాటదు. మన సరుకుల మీద ఎక్కువగా ఉండేవి 13 అంకెలు. డబుల్‌లో పడతాయి కానీ మొదట సున్నా ఉంటే ఎగిరిపోతుంది. బార్‌కోడ్‌ను ఎవరూ కూడరు, తీసివేయరు కదా, నంబర్ ఫీల్డుతో పనేముంది?

3. పదమూడో అంకె తనిఖీ కోసం. మొదటి 12 అంకెలను ఎడమ నుంచి వరసగా 1, 3, 1, 3 చొప్పున గుణించి కూడాలి. ఆ మొత్తానికి ఎంత కలిపితే పది గుణిజం అవుతుందో అదే చివరి అంకె. 890123456789కి మొత్తం 130, కాబట్టి చివర 0. లేబుల్ చిరిగి, కోడ్‌ను చేత్తో కొట్టేటప్పుడు ఇది బాగా అక్కరకొస్తుంది. ఒక అంకె తప్పు కొడితే తప్పకుండా పట్టేస్తుంది. పక్కపక్కన ఉన్న 1, 6 తారుమారైతే మాత్రం పట్టదు.

4. ఆ గీతల్లో రేటు ఉండదు. అదే షాంపూ పాత స్టాకు ఎమ్మార్పీ 180, కొత్తది 195. కోడ్ మాత్రం ఒకటే. అందుకని స్టాకు టేబుల్లో బార్‌కోడ్‌ను ప్రైమరీ కీ చేస్తే కొత్త స్టాకు ఎక్కించిన రోజే చిక్కు. కోడ్‌తో పాటు ఎమ్మార్పీ, మందులకైతే బ్యాచ్ నంబరూ గడువు తేదీ కూడా ఉండాలి. ఒకే కోడ్‌కి రెండు రేట్లు దొరికితే చిన్న జాబితా చూపించి కౌంటర్‌లో ఉన్నవాణ్నే ఎంచుకోనివ్వండి. (890తో మొదలైతే ఇండియాలో తయారైందని షాపువాళ్లు నమ్మకంగా చెబుతారు. ఆ సరుకు కంపెనీ తన కోడ్ నంబర్లను జీఎస్‌1 ఇండియా అనే సంస్థ దగ్గర తీసుకుందని మాత్రమే దానర్థం.)

5. ఎంటర్ పడగానే కర్సర్ తర్వాతి బాక్సులోకి వెళ్లిపోతుంది. ఆఫ్టర్ అప్‌డేట్‌లో సెట్ ఫోకస్ రాసి అదే బాక్సులో నిలబెట్టాలని చూస్తే కుదరదు. ట్యాబ్ వరసలో దాని తర్వాత ఓ చిన్న బాక్సు పెట్టి, దాని గాట్ ఫోకస్‌లో కర్సర్‌ను వెనక్కి పంపండి.

6. అన్నిటికన్నా ముఖ్యమైంది ఇదే. స్కాన్ చేసేచోట మెసేజ్ బాక్స్ వాడకండి. "ఈ సరుకు జాబితాలో లేదు" అని బాక్స్ వస్తుంది. కౌంటర్ కుర్రాడి చూపు బుట్ట మీద ఉంటుంది, స్క్రీన్ మీద కాదు. తర్వాతి బిస్కెట్ ప్యాకెట్ స్కాన్ చేస్తాడు, బీప్ వినిపిస్తుంది. ఆ అంకెలు గాల్లో కలిసిపోతాయి. వెనకే వచ్చిన ఎంటర్ ఓకే బటన్ నొక్కేస్తుంది. రెండు వస్తువులు బిల్లు లేకుండానే సంచిలో పడతాయి. బీప్ అంటే స్కానర్ చదివిందని, అంతే. డేటాబేస్ తీసుకుందని కాదు.

దొరకని కోడ్‌ను కూడా బిల్లులో ఎర్ర వరసగా చేర్చండి, వేరే శబ్దం మోగించండి, ఆ వరస సంగతి తేలేదాకా ప్రింట్ ఆపండి.

7. పరిమాణం బాక్సులో మూడు అంకెలు దాటనివ్వకండి. లేకపోతే కర్సర్ అందులో ఉండగా స్కాన్ చేసి, ఏదో ఒక రోజు 8901234567890 సబ్బులకు బిల్లు పడుతుంది.

8. స్కానర్ మాన్యువల్‌లో సెట్టింగులు మార్చే బార్‌కోడ్ల పేజీ ఉంటుంది. ఎంటర్ బదులు ట్యాబ్ పడేలా మారిపోయినా, ఫ్యాక్టరీ సెట్టింగులకు తిరిగి వెళ్లాలన్నా అదే ఆధారం. ప్రోగ్రాం అప్పగించే రోజున ఆ పేజీ జిరాక్స్ తీసి కౌంటర్ సొరుగులో పెట్టి రండి.