సంఘపు పనిముట్లు, వాని లెక్క

లంకాసాగరము క్రింద వరి కోతకు వచ్చినపుడు సంఘపు కాటా తప్పు తూచిన నష్టమెవరికి? మనకే. కొనుగోలున ధాన్యపు తేమ నూటికి 17 వంతులు దాటరాదు గదా; తేమ కొలుచు యంత్రము చెడినను నష్టము మనదే.

ప్రాథమిక సహకార సంఘముల లెక్కలను కంప్యూటరున కెక్కించుటకు కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో 63,000 సంఘములకై 2,516 కోట్ల రూపాయల పథకము నామోదించెను. అయినను అప్పుల లెక్క చక్కబడినంత మాత్రమున కాటా బాగుపడదు. పనిముట్ల సంరక్షణకు వేరుగా సాఫ్ట్‌వేరు కొనదలచిన సంఘము ముందుగా జాబితా వ్రాయవలెను. ప్రతి వస్తువునకు నంబరు, కొన్న తేది, వెల, ఉన్న చోటు, కడపటి మరమ్మతు అందుండవలెను. ఇది లేనిచో ఎంత వెలగల సాఫ్ట్‌వేరైనను ఖాళీ పెట్టెయే.

పిమ్మట అమ్మువారి నిట్లడుగవలెను:

1. మన గుమాస్తా తెలుగున వ్రాసి చదువుకొన వీలగునా?
2. నెట్ లేని వేళ గిడ్డంగిలోనే నమోదు చేయవచ్చునా?
3. గడువులను ముందే జ్ఞాపకము చేయునా? ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఏటేట వేయింపవలెను.
4. ఏటి చెల్లింపు ఎంత? విడిచిన నాడు మన లెక్క మన చేతికి వచ్చునా?

ఒక పంటకాలము కొద్ది వస్తువులతో పరీక్షించిన పిదపనే సొమ్ము చెల్లింపుడు. ఇరువది వస్తువులే గల సంఘమునకు మంచి రిజిస్టరే చాలును.

ఏదైనను జాబితాను మహాసభలో చదివించి, వస్తువులతో సరిచూడుడు. సరిచూడని లెక్క కాగితమున నున్నను, కంప్యూటరున నున్నను నమ్మదగినది కాదు.